బ్లేడు మందం తేడా

చెట్లు కోసే మిషనుకి ఆ చైను కొన్నది 2018 అక్టోబరు 9, మంగళవారం. నాన్నను సోంపేటలో డయాలసిస్‌కి పడుకోబెట్టి, ఆ నాలుగు గంటల్లో బజారుకి వెళ్లాను. తుపాను వస్తోందని అప్పటికే టీవీలో చెబుతున్నారు. మాది ఉద్దానం. ఇల్లు కొబ్బరితోట మధ్యలో ఉంటుంది, ముందు రెండు పనసచెట్లు. 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు పడిన చెట్లను గొడ్డళ్లతో కొట్టి దారి చేసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ తరవాతే నాన్న బరంపురం వెళ్లి, ఒక సామిల్లు వాళ్ల దగ్గర చెట్లు కోసే మిషను సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చాడు. అప్పటికే అది బాగా పాతది. మూత మీద కంపెనీ పేరు అరిగిపోయింది. చైను చుట్టూ తిరిగే బార్ తోక దగ్గర కొలతలు ముద్రించి ఉండాల్సిన చోట గీతలు తప్ప ఏమీ కనబడేవి కావు.

దాని చైను పళ్లు అరిగి చిన్నవైపోయాయి. ఒక్కో పన్ను వెనకవైపు ఒక సన్నగీత ఉంటుంది, పదును పెడుతూ పెడుతూ అక్కడికి వస్తే చైను మార్చేయాలి. మాది ఆ గీతకు వెంట్రుకవాసి దూరంలో ఉంది.

కొట్టులో అబ్బాయి బార్ ఎన్ని అంగుళాలని అడిగాడు. ఇరవై అన్నాను. ఇప్పుడు ఊరూరా కనబడే 58 సీసీ మిషన్ల చైను తీశాడు. దానికి 76 లింకులు ఉంటాయి. మా పాత చైను పక్కన పెడితే కురచగా ఉంది. మాదాని కంటే లింకులు ఎక్కువున్నా పొడవు తక్కువంటే పిచ్ వేరన్నమాట. వరసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చేస్తే వచ్చేది పిచ్. పాతదానిమీద టేపు పెట్టి చూశాం. మూడు రివెట్లకు ముప్పాతిక అంగుళం వచ్చింది, అంటే పిచ్ మూడు బై ఎనిమిది. బార్ గాడిలోకి దిగే కింది లింకులు లెక్కపెడితే 72. అదే పిచ్‌లో 72 లింకులున్న చైను ఒకటి లోపలినుంచి తెచ్చాడు. రెండూ బల్లమీద పక్కపక్కన పరిచాం. రివెట్టుకు రివెట్టు ఎదురుగా నిలిచింది. నాకు చాలా సంతోషం వేసింది. డబ్బిచ్చి తెచ్చేసుకున్నాను.

చూడాల్సిన మూడో కొలత ఒకటుంది. గాడిలో దిగే లింకు మందం. దాన్నే గేజ్ అంటారు. పిచ్ ఒకటే అయినా అది 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లలో ఏదైనా కావచ్చు. మా బార్ 1.6ది. నేను కొన్న చైను 1.5ది. ఆ అబ్బాయి అడగలేదు, నేను చూడలేదు. అతన్ని తప్పుపట్టను. మిషను నాది, బార్ ఇంట్లో ఒగ్గేసి చైను ఒక్కటే పట్టుకెళ్లినవాడిని నేను.

ఇంటికొచ్చి ఎక్కిస్తే చక్కగా ఎక్కింది. స్టార్ట్ చేస్తే తిరిగింది. చీకటి పడిందని దుంగ మీద పెట్టి చూడలేదు.

గురువారం తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగమని తరవాత చెప్పారు. మాకు తెలిసింది శబ్దమే. కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడుతుంటే ఇంటి నేల అదిరింది. అమ్మ, నేను, నాన్న వంటగదిలో మూలకి కూర్చున్నాం. తెల్లారి తలుపు తీస్తే తోటలో ఆకాశం కనబడింది. అంత ఆకాశం అక్కడ ఎప్పుడూ చూడలేదు. హైవేకి రెండు కిలోమీటర్ల బాట. ఆ బాట అసలు ఎక్కడుందో తెలియలేదు.

నాన్న తరవాతి డయాలసిస్ శుక్రవారం.

కరెంటు లేదు, మోటార్లు లేవు, తాగునీళ్లు లేవు. ఊరంతా రాలిన బొండాలు కొట్టుకుని తాగింది. నాన్న వాటి మధ్యే కూర్చుని ఒక్క గుక్క కూడా ముట్టలేదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనివాళ్లకి అది గుండెను ఆపేయగలదు. యాభై ఏళ్లు కొబ్బరి పండించిన మనిషి. పిల్లలు బొండాలు తాగుతుంటే చూస్తూ ఉన్నాడు.

శుక్రవారం పొద్దున్న మిషను తీశాను. పక్కూరినుంచి బావ దుంగలు ఎక్కి దిగుతూ నడిచొచ్చాడు. మొదటి కొబ్బరిమానులోనే కోత నిటారుగా దిగకుండా కుడిపక్కకి వంకర తిరిగింది. కొబ్బరి పైచెక్క గట్టిదనుకున్నాను. కొబ్బరిమాను బయటివైపే గట్టి, లోపలికి పోయేకొద్దీ మెత్తన. పైగా అందులో ఇసుక జాతి పదార్థం ఉంటుంది, పదును త్వరగా పోతుంది. మా నేల కూడా ఇసుకే, గాలికి మాన్లనిండా అది పట్టి ఉంది. అందుకే అనుకుని ఇంకా నొక్కాను. బార్ ఇరుక్కుపోయింది. గునపంతో మాను ఎత్తి లాగాం. అలా మూడు మాన్లు కోసేసరికి మధ్యాహ్నమైంది.

నాలుగోది వేళ్లతోసహా లేచి విల్లులా వంగి ఉంది. అలాంటిదాన్ని కోస్తే మొదలు వెనక్కి ఎగిరి నిలబడుతుందని భయపడుతూ పక్కనుంచి కోస్తున్నాను. చైను గాడిలోంచి జారిపోయింది. చైను జారినా తెగినా పట్టి ఆపడానికి ఇంజను కింద చిన్న కొక్కెం ఉంటుంది. మా మిషనుకి అది కొన్ననాడే విరిగిపోయి ఉంది. అయిదేళ్లలో దాన్ని వేయించాలని ఎవరికీ తోచలేదు. చైను కొరడాలా వెనక్కొచ్చి నా కుడిచేతి రెండు వేళ్లమీద కొట్టింది. నొప్పి వెంటనే తెలియలేదు. పిడి జారిపోతోందేమిటని చూసుకుంటే రక్తం.

అమ్మ పాత చీర చింపి కట్టింది. బావ చైను మళ్లీ ఎక్కించబోతే గాడిలో దిగలేదు. జారినప్పుడు చైనుని తిప్పే స్ప్రాకెట్ పళ్లకి ఒరుసుకుని లింకుల అంచులు ముళ్లలా లేచాయి. అప్పటికి నాన్నకి కాళ్లు పొంగాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదు, మంచంమీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. ఏమైందని అడిగితే బార్, చైను రెండూ తీసుకెళ్లి చూపించాను.

చైనుని గాడిలో నిలబెట్టి బొటనవేలితో అటూ ఇటూ నొక్కాడు. పన్ను పక్కకి ఒరిగిపోయింది.

"ఊగిపోతోందిరా. పాతదేదీ?"

గడ్డం గీసుకునే బ్లేడు తెమ్మన్నాడు. పాత చైను పెట్టి, లింకుకీ గాడి గోడకీ మధ్య బ్లేడు దూర్చాడు. ఒకటి బిగుతుగా దూరింది. కొత్తది పెట్టి చూశాడు. రెండు దూరాయి, ఇంకా ఆడుతున్నాయి. బ్లేడు మందం మిల్లీమీటరులో పదోవంతు. నా తప్పు కూడా సరిగ్గా అంతే. ఆ సందులో చైను ఒక పక్కకి ఒరిగి తిరిగింది, అందుకే కోత వంకర పోయింది, అందుకే చివరికి జారింది. స్ప్రాకెట్ కూడా చూపించాడు. పాత చైను దాని పళ్లమీద లోతుగా గాడి తినేసింది. దానిమీద కొత్త చైను వేయకూడదట. రెండు చైన్లకోసారి స్ప్రాకెట్ మార్చాలని బరంపురంలో చెప్పారట. ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"దీన్ని ఒగ్గీరా. పాతది కోస్తాది. ఆకురాయి తే."

పదును పెట్టడం ఆ ఇంట్లో వచ్చింది ఆయనకే. నా చెయ్యి పనికిరాదు, బావకి తెలియదు. నేను ఎడమచేత్తో బార్ పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. 72 లింకులకి 36 పళ్లు, పద్దెనిమిది ఎడమవి, పద్దెనిమిది కుడివి. పన్నుకి రెండు తోపులు, లోపలినుంచి బయటికి. నాలుగు పళ్లకోసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు. ఆపెయ్యమని అమ్మ బతిమాలింది. పన్ను మరీ కురచైంది గనక ముందున్న బొడిపెని కూడా పలక ఆకురాయితో కొంచెం తగ్గించాలన్నాడు. లేకపోతే పన్ను చెక్కని అందుకోదు. కిరసనాయిలు దీపం వెలుగులో అది ముగిసేసరికి రాత్రి ఎనిమిది దాటింది. ఆకురాయి కింద పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఊపిరి వినబడుతోందా లేదా అని ఆ రాత్రంతా వింటూనే ఉన్నాను.

శనివారం పొద్దున్న బావ మిషను పట్టాడు. పాత చైను నెమ్మదిగా కోసింది, కానీ నిటారుగా కోసింది. రెండు మాన్లకోసారి ఇంటికి పరిగెత్తుకొస్తే నాన్న పదును సరిచేసి పంపేవాడు. తరవాత ఆయన చెయ్యి లేవలేదు. పదకొండు మాన్లు, ఒక పనస. అక్కడితో పళ్లు అయిపోయాయి. మిగిలిన దూరం నాన్నను నులకమంచం మీద ఎత్తుకుని, నలుగురు నలుగురు మారుతూ, దుంగలమీదుగా చేతులు మార్చుకుంటూ హైవేకి చేర్చారు. నేను సెలైన్ సీసా పట్టినట్టు గుడ్డకట్టిన చెయ్యి పైకెత్తుకుని వెనక నడిచాను. ఒక వ్యాను ఆపి శ్రీకాకుళం తీసుకెళ్లాం. ఆ రాత్రే డయాలసిస్ మెషిన్ మీద పెట్టారు.

మూడు వారాలయ్యాక బార్, చైను, స్ప్రాకెట్ మూడూ సంచిలో వేసుకుని బరంపురం వెళ్లాను. అక్కడాయన వెర్నియర్‌తో కొలిచి 1.6 అన్నాడు. మూడూ ఒకేసారి మార్పించాను, విరిగిన కొక్కెం కూడా వేయించాను. పన్ను మూల చురుగ్గా ఉన్నది కావాలా, గుండ్రంగా ఉన్నదా అని అడిగాడు. చురుకుది శుభ్రమైన చెక్కలో వేగంగా పోతుంది, ఇసుక తగిలితే వెంటనే మొద్దుబారుతుంది. గుండ్రటిదే ఇమ్మన్నాను.

ఇంటికి తెచ్చేసరికి నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కొత్త బార్ ఒళ్లో పెట్టుకుని గాడిలో చైను దింపాడు. బొటనవేలితో నొక్కాడు. బ్లేడు అడిగాడు. అంచు ఆనించి తోశాడు, దూరలేదు. మళ్లీ ఇంకోచోట తోసి చూశాడు. అప్పుడు మిషను దగ్గరికి జరుపుకుని, తానే ఎక్కించడం మొదలుపెట్టాడు.