గీతకు ఈ వైపు ఇల్లు

ఐదు నెలలుగా ఈ పుటలో అక్షరం వ్రాయలేదు. 2025 జనవరిలో అమెరికాలోని మా అబ్బాయి ఇంటికి వెళ్ళి మే నెలాఖరుకు తిరిగివచ్చాను. ఊరిలో కనబడిన ప్రతివారూ నయాగరా చూచారా అని అడుగుతున్నారు. చూడలేదు. నేను చూచినవి ఇళ్ళు. లెక్క చెప్పాలంటే పందొమ్మిది ఇళ్ళు, రెండు బడులు.

అబ్బాయి ఉండేది టెక్సాసులో, డాలస్ నగరానికి ఉత్తరపు శివార్లలో. ప్లేనో, ఫ్రిస్కో, ఆలెన్ అనే పేర్లు మన ఇళ్ళలో ఇప్పుడు నిడదవోలు, తణుకు అన్నంత చనువుగా వినబడుతున్నవి గనుక ఎక్కువ చెప్పనక్కరలేదు. మనుమరాలికి ఐదేళ్ళు నిండుతున్నాయి. సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్ళు నిండిన పిల్లలను ఆ యేడు కిండర్‌గార్టెనులో చేర్చుకొంటారు. బడులు తెరిచేది ఆగస్టులో. అద్దె ఇంటి ఒడంబడిక జూనుతో ముగుస్తుంది. ఈలోగా ఇల్లు కొనాలని పట్టుదల.

ఇంటికీ బడికీ ఏమి సంబంధమని మొదట నాకు బోధపడలేదు. అక్కడ ప్రభుత్వ పాఠశాలలో చదువు ఉచితమే. కాని బిడ్డ ఏ బడికి వెళ్ళాలో ఇంటి చిరునామా నిర్ణయిస్తుంది. ప్రతి స్కూలు డిస్ట్రిక్టూ తన ప్రాంతాన్ని గీతలతో విభజించుకొని, ఈ వీధులవాళ్ళు ఈ బడికి, ఆ వీధులవాళ్ళు ఆ బడికి అని నిర్ణయిస్తుంది. ఇంటి నంబరు కొడితే బడి పేరు వస్తుంది. మన విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ప్రాథమిక పాఠశాల 1 కిలోమీటరు నడకలో ఉండాలన్నది దాని ఏర్పాటు. బడిని ఇంటి దగ్గరకు తెమ్మని మనవాళ్ళు ప్రభుత్వాన్ని అడిగారు. అక్కడివాళ్ళు ఇంటినే బడి దగ్గరకు మోసుకొని వెళుతున్నారు. మనం అడిగి తెచ్చుకొన్న బడి ముందునుంచే బస్సెక్కి మరొక బడికి వెళుతున్నామన్న సంగతి వేరే చెప్పాలి. ఆ మాటకు తరువాత వస్తాను.

వెతకగా వెతకగా రెండు ఇళ్ళు మిగిలాయి. రెంటికీ మధ్య ఒక వెడల్పాటి రోడ్డు. బడుల గీత సరిగ్గా ఆ రోడ్డు నడుమ నుంచే పోతుంది. ఊరు ఒకటే, డిస్ట్రిక్టు ఒకటే, పన్ను రేటు ఒకటే. తూర్పు వైపు బడికి గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ 10కి 9 ఇచ్చింది, పడమటి బడికి 6. ఇళ్ళ అమ్మకాల సైట్లలో ప్రతి ఇంటి బొమ్మ క్రిందా ఈ అంకె కనబడుతుంది. పడమటి ఇల్లు విశాలమైనది, పెరడులో పెద్ద ఓకు చెట్టు. తూర్పుటిల్లు చిన్నది, పైకప్పు పాతది, ధర 60 వేల డాలర్లు ఎక్కువ. అబ్బాయి ఎక్సెల్‌లో పట్టిక వేసి రాత్రి పన్నెండు దాకా కూర్చునేవాడు. నా మార్కుల రిజిస్టరు గుర్తుకు వచ్చి నవ్వు వచ్చింది, కాని నవ్వలేదు.

ఇళ్ళు చూపించే ఏజెంటును, ఈ రెంటిలో ఏది మంచి బడి అని నేనే అడిగాను. ఆమె చిరునవ్వు నవ్వి, అది నేను చెప్పగూడదు, మీరే చూచుకోవాలి అన్నది. 1968 నాటి చట్టమొకటి ఉన్నదట. జాతినిబట్టి, మతాన్నిబట్టి కొనుగోలుదారులను ఒక పేటకు మళ్ళించరాదు. మంచి బడి, చెడ్డ బడి అన్న మాటల చాటున ఆ పని జరుగుతుందని వారు నోరు కట్టుకొంటారు. ఆమె చెప్పనిదానిని మావాడి స్నేహితులు భోజనాల దగ్గర చెప్పేశారు: "తూర్పు బడిలో అంతా మనవాళ్ళేనండీ."

ఈ బేరసారాలను లెక్కగట్టిన పండితులు కూడ ఉన్నారు. శాండ్రా బ్లాక్ అనే ఆర్థికశాస్త్రవేత్త బాస్టన్ శివార్లలో గీతకు ఇటూ అటూ ఉన్న ఇళ్ళను పోల్చి 1999లో ఒక వ్యాసం ప్రకటించింది. ప్రాథమిక పాఠశాల పరీక్షల మార్కులు 5 శాతం పెరిగితే తల్లిదండ్రులు ఇంటికి 2.5 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడుతున్నారని తేల్చింది. మావాడు ఆ లెక్కన మనం మోసపోవడం లేదన్నాడు. మోసం మాట నేను ఎత్తనే లేదు.

నాకు తోచిన చిక్కు వేరు. టెక్సాసులో రాష్ట్ర పరీక్ష మూడవ తరగతిలో మొదలవుతుంది. మా మనుమరాలు చేరేది కిండర్‌గార్టెను. ఆ గదిలోని పంతులమ్మ ఎలా చెబుతుందో ఆ 9కి గాని, ఈ 6కి గాని ఏమి తెలుసు? ప్రభుత్వం వారు బడులకు వేరుగా ఏ నుండి ఎఫ్ దాకా అక్షరాలిస్తారు. 2023 నాటి అక్షరాలు న్యాయస్థానంలో చిక్కుకొని నేనక్కడ ఉండగా, 2025 ఏప్రిల్‌లో గాని వెలువడలేదు.

అంకెలు చూచింది చాలు, బడి చూద్దామన్నాను. ముందుగా ఫోను చేసి, ఆఫీసులో గుర్తింపు కార్డులు చూపి, చొక్కాకు చీటీ అంటించుకొని రెండు బడులకూ వెళ్ళాము. నాలుగవ తరగతి దాకా ఒక గదిలో 22 మందికి మించరాదని అక్కడి చట్టం. అరవై మందిని పెట్టుకొని ఆమ్రేడిత సంధి చెప్పిన గొంతు నాది. ఆ గదులు చూస్తుంటే ఈర్ష్య కలిగిన మాట నిజం. పడమటి బడిలో ఒక పంతులమ్మ నేలమీద మోకాళ్ళూని, స్పానిషు ఇంటి పిల్లవాడొకడు మాట కూడబలుక్కొంటుంటే వేలు ఆ అక్షరం క్రింద ఉంచి ఊరకున్నది. అందించలేదు. వాడు మూడుసార్లు తప్పి నాలుగవసారి చదివాడు. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో నేను అంతసేపు ఆగిన రోజులు తక్కువ. తూర్పు బడి కూడా శుభ్రంగా ఉంది, పిల్లలు చక్కగా ఉన్నారు. ఏ గోడమీదా నాకు 9 కనబడలేదు, 6 కనబడలేదు.

రెండు ఇళ్ళకూ తేడా నెలకు దాదాపు 500 డాలర్లు, అప్పు వాయిదా, పన్ను కలిపి. పిల్ల బడిలో కుదురుకొనేవరకు రెండేళ్ళు సగం పూట ఉద్యోగం చేసుకొందామని కోడలి కోరిక. తూర్పుటిల్లు కొంటే అది కుదరదు. ఆ అమ్మాయి పైకి అనలేదు. పట్టికలో ఆ గడి లేదు.

ఆ రాత్రి ఉండబట్టలేక అబ్బాయితో అన్నాను. "ఒరేయ్, మార్కులు బడివి కావురా, ఇళ్ళవి. చదివించుకోగల ఇళ్ళవాళ్ళంతా ఒక గీత లోపలికి చేరితే ఆ బడికి 9 వస్తుంది. వాళ్ళు లేచిపోతే అదే బడికి 6 వస్తుంది. ఇది నా కళ్ళ ముందు జరిగింది. కాన్వెంటు బస్సు మన ఊరికి రావడం మొదలైన తరువాత తెలివైన పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. పదవ తరగతి ఫలితాలు పడిపోయాయి. తనిఖీకి వచ్చినవాళ్ళు మమ్మల్ని నిలదీశారు."

వాడు కంప్యూటరు మూశాడు. "నన్నెందుకు గోదావరి దాటించారు, నాన్నగారూ?" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, అడిగాడు.

కొవ్వూరులో భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, ఆ ప్రక్కనే పల్లెటూళ్ళో జిల్లా పరిషత్తు పాఠశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. ప్రాథమిక పాఠశాల మా ఆవరణలోనే ఉండేది. మా ఇంటినుంచి వంద అడుగులు. 1991లో వాణ్ణి ఆ బడిలో వేయలేదు. ఉదయం ఏడింటికి బస్సెక్కించి, 1974లో కట్టిన రైలు-రోడ్డు వంతెన మీదుగా రాజమండ్రి ఇంగ్లీషు బడికి పంపాను. సాయంత్రం బస్సులో నిద్రపోతే కండక్టరు లేపి దింపేవాడు. తోటి ఉపాధ్యాయుల్లో ఒకరు, మన బడి మనకే పనికిరాకపోతే ఊరివాళ్ళకెలా పనికివస్తుందండీ అన్నారు. ఆయనతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. మరుసటి సంవత్సరం ఆయన కూతురు కూడా అదే బస్సెక్కింది.

అప్పుడు నా దగ్గర పట్టిక లేదు, అంకె లేదు. ఊళ్ళో కరణంగారి మనుమడు వెళుతున్నాడు గనుక మావాడూ వెళ్ళాలనుకొన్నాను. చదువు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. తెలుగు మాట్లాడతాడు గాని నాలుగు వాక్యాలు గడగడ చదవలేడు. నేను వ్రాసేవి కోడలు చదివి వినిపిస్తుంది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. వాడి ప్రశ్నకు, "భయం వల్ల" అని మాత్రం చెప్పాను. "నాకూ అంతే" అన్నాడు.

తూర్పుటిల్లే కొన్నారు. సంతకాల నాడు కాగితాల దొంతరలో ఒకచోట, బడుల సరిహద్దులు మారవచ్చును, వాటికి అమ్మినవారి పూచీ లేదు అని ఉన్నది. నిజమే, పిల్లల సంఖ్య తగ్గి ప్లేనో డిస్ట్రిక్టు వారు 2024 జూనులో నాలుగు బడులను మూసివేయ నిర్ణయించారు. అబ్బాయి ఆ కాగితం మీద కూడా సంతకం చేశాడు.

కోడలు పూర్తి ఉద్యోగానికే వెళుతోంది. మా ఆవిడ పిల్లకు తోడుగా అక్కడే ఆగింది. ఇంకొక నెలలో వస్తుంది. అంతవరకు నా వంట నేనే చేసుకొంటున్నాను, పప్పు ఒక్కొక్కసారి మాడుతోంది. ఓకు చెట్టున్న పడమటి ఇంటిని మరొక తెలుగువారు కొన్నారని తెలిసింది. ఇది పూర్తిచేసి పంపితే ఆదివారం పూట అబ్బాయికి చదివి వినిపిస్తానని కోడలు నిన్న ఫోనులో చెప్పింది.