మంచు కనుమల్లో కూనల బడి

హిమాచల్ ప్రదేశ్‌లో ఎండలు ముదురుతూనే గద్దీ కాపరులు కాంగ్రా లోయ విడిచి ధౌలాధార్ శ్రేణి మీదుగా చంబా, లాహౌల్ పచ్చిక బయళ్ల బాట పడతారు. దారిలో వచ్చే ఇంద్రహార్ కనుమ ఎత్తే 4,300 మీటర్ల పైమాట. మందల వెంట కుక్క కూనలూ నడవాల్సిందే. వాటికి వేరే శిక్షకుడంటూ ఎవరూ ఉండరు. గొర్రెల మధ్యే పెరుగుతూ పెద్ద కుక్కలను చూసి పని నేర్చుకుంటాయి. ఆటలో గొర్రెపిల్లను తరిమిన కూనకు ఏడాది వయసు కుక్క ఒక్క గుర్రుతో బుద్ధి చెబుతుంది. ఆ పెద్దరికం వెలగబెడుతూనే కాపరి ఈలకు ఆగడం, కదలడం తనూ వంటబట్టించుకుంటుంది. పెద్దయ్యాక మెడకు ఇనుప ముళ్ల పట్టీ పడుతుంది. చిరుత గురిపెట్టేది గొంతుకే మరి.

రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ వంటి దక్షిణాది జాతుల తర్వాత గద్దీ కుక్కకూ 2025లో అధికారిక గుర్తింపు దక్కింది. కానీ ఊరకుక్కలతో సంకరం ఒకవైపు, కాపరుల పిల్లలు ఉద్యోగాల కోసం కొండ దిగడం మరోవైపు జాతిని పలచబరుస్తున్నాయి. మంద లేనిచోట కూనకు కాపలా నేర్పేవారుండరు. కొండ మీది ఆ బడి మూతపడితే మిగిలేది పెరట్లో గొలుసుకు కట్టిన పెంపుడు కుక్కే.