ఇప్పుడీ ఇల్లు ఎవరిది?

పిల్లల్ని వెంటబెట్టుకుని కోట చూడ్డానికి పోవడమూ, ల్యాబ్‌లో వైవా ఇవ్వడమూ ఒకటే. మనం చదువుకుపోయింది ఒక్కటీ అడగరు.

దసరా సెలవుల్లో మదనపల్లెలో మా ఇంటికి కుప్పం నుంచి అక్క పిల్లలు, పుంగనూరు నుంచి అవ్వ వచ్చారు. పాప ఆరో క్లాసు, బాబు రెండు. "మామా, సినిమా సెట్టింగు కాదు, నిజం రాజమహల్ చూపించు" అని ఒకటే గోల. పుంగనూరులో జమీందారుల ప్యాలెస్ ఉంది గానీ, టికెట్ కొని చుట్టి వచ్చే మ్యూజియం కాదది. అందుకే అందరం బస్సెక్కి, పీలేరు, భాకరాపేట ఘాట్ దాటి చంద్రగిరి చేరుకున్నాం. (మీరూ పోతే శుక్రవారం మాత్రం పోవద్దు, మ్యూజియం సెలవు. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు.)

కొండ కింద, పచ్చిక మధ్యలో మూడంతస్తుల రాజమహల్. పక్కనే రాణీమహల్. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి వచ్చారు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసులో స్థలం దక్కింది కూడా ఈ చంద్రగిరి రాజుల కాలంలోనే. ఇదంతా నేను ఉత్సాహంగా చెప్తా ఉంటే బాబు అడిగిన ప్రశ్న: "రాజు బాత్రూం యాడుంది మామా?"

సివిల్ స్టూడెంట్‌ని కదా, పట్టు వదల్లేదు. "ఇంత మేడలో కట్టె అనేదే వాడలేదు తెలుసా? అంతా రాయి, ఇటుక, సున్నం. ఈ ఆర్చిలే పైనున్న బరువుని స్తంభాల్లోకి దింపుతాయి" అన్నా. పాప పైకి చూసి, "మరి మూడో అంతస్తుకి నీళ్లు ఎవరు మోసేవాళ్లు?" అంది. ఆ ప్రశ్నకు నా సిలబస్‌లో జవాబు లేదు.

వెనక్కి తిరిగి చూస్తే అవ్వ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి పక్కన పెడతా ఉంది.

"అవ్వా, ఇది గుడి కాదు. ఏసుకోనే రావచ్చు" అన్నా.

"తెలుసులే నాయినా. పెద్దోళ్ల ఇంట్లోకి చెప్పులతో యాడ పోయేది?"

అవ్వకి ఆ అలవాటు పుంగనూరులో అయింది. సుగుటూరు గంగమ్మ అక్కడి జమీందారుల ఇలవేల్పు. జాతరకి ఊరంతా ప్యాలెస్ ఆవరణలోకి పోతుంది. అవ్వా చిన్నప్పట్నుంచీ పోయింది. "అమ్మోరికి మొక్కుకోని వచ్చేస్తాం. మేడ పైకి మమ్మల్ని ఎవరు పిలుస్తారు?" అంది. కోపంగా కాదు, ఎండగా ఉంది అన్నంత మామూలుగా. 1948లో చట్టం చేసి జమీందారీలు తీసేశారు. అవ్వ కాళ్లకి ఆ సంగతి ఇంకా చేరలేదు.

పాప ఊరుకోలేదు. "ఇప్పుడీ ఇల్లు ఎవరిది మామా?"

"గవర్నమెంట్‌ది."

"గవర్నమెంట్ అంటే?"

"అంటే... మనందరిదీ."

"అయితే మనదే కదా! అవ్వ చెప్పులెందుకు తీసింది?"

నేను జవాబు వెతుక్కునేలోపే బాబు గోడ దగ్గర్నుంచి అరిచాడు. అక్కడ ఎవరో రాయితో గీసిన పేర్లు, మధ్యలో గుండె బొమ్మ, దాంట్లో బాణం. "మనదే అయితే నా పేరు కూడా రాసుకోనా మామా?"

ఆ రెండు ప్రశ్నల మధ్య నేను ఇరుక్కుపోయా. అవ్వది గౌరవమే గానీ, దాంట్లో పాత భయం కలిసి ఉంది. పేర్లు గీసినోళ్లకి ఆ భయం లేదు, మంచిదే. కానీ భయంతో పాటు గౌరవాన్నీ వదిలేశారు. రాజుది అయినంత కాలం ఎవరూ ముట్టుకోని గోడ, మనది కాగానే రఫ్ నోట్‌బుక్ అయిపోయింది.

"మనదే. కానీ మన ఒక్కరిదే కాదురా. నీ తర్వాత వచ్చే పిల్లలది కూడా" అన్నా. బాబు రాయి కింద పడేశాడు. పాప మాత్రం అవ్వ చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది. "ఏసుకో అవ్వా, రాళ్లు కాలుతున్నాయి."

అవ్వ కాసేపు ఆలోచించి ఏసుకుంది. మెట్లెక్కి పై అంతస్తుకి పోయి, అక్కడి నుంచి కొండనీ తోటనీ చాలాసేపు చూసింది. "బాగా గాలొస్తాది ఈడ" అంది.