దర్శనమునకు గీటురాయి

భక్తులు పొందు దర్శనములును, ధ్యానమున కలుగు ఆనందమును, ఒంటరిగా కూర్చుండగా ఎవరో చెంత నున్నట్లు తోచుటయు మెదడులోని కదలికలేయని కొందఱు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మెదడున కొన్ని చోట్ల విద్యుత్తును తాకించినచో అట్టి అనుభవములే కలుగునని వారు చూపుచున్నారు. మావారు పాఠశాలనుండి తెచ్చిన పుస్తకమొకదానిలో ఈ సంగతి చదివినది మొదలు నా మనస్సున ఒక ప్రశ్న మెదలుచున్నది. నిత్యము దేవునియెదుట దీపము వెలిగించు మనము ఈ మాటకు కోపగింపవలెనా, భయపడవలెనా, నిదానించి విచారింపవలెనా? విచారించుటయే మేలని తలచి, సోదరీమణులకు ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

కెనడాదేశమున మాంట్రియల్ నగరమునందు వైల్డర్ పెన్‌ఫీల్డ్ అను శస్త్రవైద్యుడుండెను. అచట 1934లో నరముల వ్యాధులకు గొప్ప వైద్యసంస్థను స్థాపించినవాడాయనయే. మూర్ఛరోగులకు శస్త్రచికిత్స చేయునపుడు, వ్యాధికి మూలమైన చోటును కనుగొనుటకును, మాటకు నెలవైన భాగమును చెడకుండ కాపాడుటకును, ఆయన రోగిని మేలుకొనియుండనిచ్చి, మెదడున అక్కడక్కడ స్వల్పముగా విద్యుత్తు తాకించెడివాడు. మెదడునకు నొప్పి తెలియదు గనుక పైచర్మమునకు మత్తుమందిచ్చిన చాలును. అట్లు కణతల వైపు భాగమును తాకినపుడు కొందఱికి పాటలు వినబడెను, వెనుకటి దృశ్యములు కనబడెను. ఒకామె ఆ గదిలో ఎవరో గ్రామఫోను పెట్టినారనియే నమ్మెను. అయితే అందఱకును ఇట్లు జరుగలేదు. 1963లో ప్రకటించిన లెక్కలో 520 మందికిగాను 40 మందికి మాత్రమే ఇట్టి అనుభవము కలిగినది.

ఇటీవలి సంగతులు మఱింత వింతైనవి. స్విట్జర్లాండులోని జెనీవాలో ఓలాఫ్ బ్లాంకే అను వైద్యుడును ఆయన తోడివారును మూర్ఛవ్యాధిగల యొక స్త్రీకి మెదడు కుడిప్రక్క నొకచోట విద్యుత్తు తాకింపగా, తాను పైకి తేలి, మంచముమీద పడియున్న తన దేహమునే చూచుచున్నట్లు ఆమె చెప్పెను. ఇది 2002లో ప్రకటింపబడినది. 2006లో ప్రకటించిన మఱియొక సంగతిలో, ఎడమప్రక్క తాకింపగా ఒక యువతికి తన వెనుక ఎవరో నీడవలె నున్నట్లు తోచినది. ఆమె కూర్చుండిన ఆ నీడయు కూర్చుండెనట!

మైకేల్ పెర్సింజర్ అను కెనడాదేశపు పండితుడు తలకు పెట్టు టోపీవంటి పరికరమును వాడి, స్వల్పమైన అయస్కాంతశక్తిచేత 'ఎవరో ఉన్నారు' అను భావమును పుట్టింపవచ్చుననెను. లోకులు దానికి 'దేవుని టోపీ' యని పేరిడిరి. కాని స్వీడనులోని ఉప్సాలా విశ్వవిద్యాలయమువారు, శక్తి ఎప్పుడు ప్రవహించుచున్నదో పరీక్షించువారికిని పరీక్షింపబడువారికిని తెలియకుండునట్లు ఏర్పాటుచేసి 89 మందిని పరీక్షించిరి. శక్తి ప్రవహించినను ప్రవహింపకున్నను భేదము కనబడలేదనియు, ఇతరుల సూచనకు సులభముగా లోబడు స్వభావముగలవారికే అనుభవము హెచ్చుగా కలిగినదనియు 2005లో ప్రకటించిరి. దీనినిబట్టి టోపీని నమ్మవలసిన పని లేదు. విద్యుత్తు తాకిడి సంగతి మాత్రము త్రోసివేయదగినది కాదు.

ఇంతకును దీనివలన తేలినదేమి? మల్లెపూవును నిజముగా వాసన చూచునపుడును మెదడే పనిచేయును. పూవు లేకయే వాసన తోచినపుడును మెదడే పనిచేయును. కనుక మెదడు కదలినదని చూపినంతమాత్రమున పూవు ఉన్నదనియు తేలదు, లేదనియు తేలదు. దేవుడు లేడని ఈ పరీక్షలచేత చెప్పువారు తొందరపడుచున్నారు. అయితే మనవారును సంబరపడరాదు. 'నాకు కనబడినది గనుక నిజము' అను వాదముకూడ దీనితోనే కూలిపోవుచున్నది.

పెన్‌ఫీల్డ్ చెప్పిన మాట యొకటి ఇచట తలపవలెను. చేతిని కదలించు భాగమును తాకినపుడు రోగి చేయి లేచెడిది. కాని ఆ పని తాను చేసినది కాదనియు, వైద్యుడే చేసెననియు రోగి చెప్పెడివాడు. మనిషిచే నమ్మించునట్టి, నిశ్చయింపజేయునట్టి చోటు మెదడు పైపొరలో తనకు కనబడలేదని 1975లో వెలువడిన గ్రంథమున ఆయన వ్రాసెను. శాస్త్రజ్ఞులందఱును దీని నొప్పకున్నను, నాకిది ఆలోచింపదగిన మాటగా తోచినది.

మా వీధిలో ఒక కోడలుపిల్లకు అప్పుడప్పుడు చూపు నిలిచిపోయెడిది. పెదవులు చప్పరించుచు, కొంగును నలుపుచు, పిలిచినను పలుకకుండెడిది. తెలివి వచ్చినపిమ్మట, చందనపు వాసన వచ్చినదనియు, అమ్మవారు ప్రక్కన నిలిచినట్లుండెననియు చెప్పెడిది. పెద్దలు కొబ్బరికాయలు కొట్టి, ఆమెను సోదె అడుగసాగిరి. ఒకనాడు పొయ్యియొద్ద అట్లే అయి చేయి కాల్చుకొనెను. అప్పుడు పట్టణములోని నరాల వైద్యునికి చూపగా మూర్ఛవ్యాధియని తేలినది. మందులతో కొన్ని నెలలకు తగ్గినది. "అయితే ఇన్నాళ్లు అమ్మవారు వచ్చినదంతా అబద్ధమేనా?" యని అత్తగారు దిగులుపడెను. ఆ పిల్ల నాతో, "ఆ రావడము మందుతో పోయిందండీ, అక్కయ్యగారూ. సాయంత్రము దీపము పెట్టి చేతులు జోడించడము మాత్రము నేనే చేస్తున్నాను కదా!" అనెను. పండితుల వాదములకంటె ఈ మాటయే నాకు తృప్తి కలిగించినది.

కనుక సోదరీమణులారా, ఇంట నెవరికైన ఇట్లు జరిగినచో సోదె అడుగకుడు. మూర్ఛ వచ్చి పడిపోయినవారిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. నోటిలో నేమియు పెట్టకుడు. చేతిలో తాళపుచెవులుంచుటవలన ప్రయోజనము లేదు. అయిదు నిమిషములు దాటినను మూర్ఛ విడువనిచో వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. తగిన మందులు వాడినచో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరు. అట్లని, మందు తినుచున్న పిల్ల దేవుని తలచుకొన్నచో పరిహసింపకుడు.

ఇక దర్శనములకు గీటురాయి ఏది? భగవద్గీతలో అర్జునుడు స్థితప్రజ్ఞుని గూర్చి యడుగునపుడు, అతడేమి చూచునని యడుగలేదు. ఎట్లు మాటలాడును, ఎట్లు కూర్చుండును, ఎట్లు నడచును అని యడిగెను. పదునొకండవ అధ్యాయమున విశ్వరూపమునే చూచియు, భయపడి, సౌమ్యరూపమును చూపుమని వేడుకొనెను. ఆ దర్శనముతో ఉపదేశము ముగియలేదు. ఇంకను ఏడు అధ్యాయములు మిగిలియున్నవి. విలియం జేమ్స్ అను అమెరికా పండితుడును 1902లో ప్రకటించిన తన గ్రంథమున, ఇట్టి అనుభవములకు విలువ వాని పుట్టుకనుబట్టి గాక ఫలములనుబట్టి కట్టవలెననెను.

దర్శనమైనదని చెప్పువారిని మనమును అర్జునుని ప్రశ్నయే అడుగుదము. కోడలితో ఎట్లు మాటలాడుచున్నారు? పనిమనిషి కూలి లెక్కలో ఎట్లు నడచుకొనుచున్నారు? రోగిప్రక్కన ఎంతసేపు కూర్చుండుచున్నారు? ఇందులకు కావలసిన కొలతబద్ద ఏ వైద్యశాలయందును లేదు. అది ప్రతి యింటను, ప్రతిదినమును ఉన్నది.