విశేషణము – దాని స్థానము



ఉద్యోగార్థం స్పానిష్ భాషను అభ్యసిస్తున్న మా కుమార్తె ఒక సందేహం అడిగింది. "నాన్నగారూ, ఈ భాషలో భూతకాల కృదంతం నామాన్ని బట్టి లింగం మార్చుకుంటుంది. ఎందుకిలా?" చదివిన పుస్తకం 'లీబ్రో లెయీదో' అట, చదివిన ఉత్తరం 'కార్తా లెయీదా' అట.

వేదపాఠశాలలో వ్యాకరణం చదివిన నాకు ఇది పరిచిత మార్గమే. పాణిని మహర్షి 'నిష్ఠ' అని సంజ్ఞ చేసిన క్త ప్రత్యయం తీరూ ఇదే: పఠితః గ్రంథః, పఠితా గీతా, పఠితం పుస్తకమ్. 'లెయీదా లా కార్తా' అంటే ఉత్తరం చదివిన పిమ్మట. మన సతిసప్తమిలో 'పఠితే పత్రే'. తెలుగులో 'చదివిన' అనే రూపం ఏ నామానికైనా మారదు, నామానికి ముందే నిలుస్తుంది.

నన్ను ఆలోచింపజేసినది విశేషణ స్థానం. సంస్కృతంలో విభక్తి అన్వయాన్ని నిర్ణయిస్తుంది గనుక విశేషణం ముందున్నా వెనుకున్నా అర్థం చెడదు. స్పానిష్‌లో స్థానానికే అర్థభేదం ఉన్నది. 'కాసా బ్లాంకా' అన్నప్పుడు వెనుక నిలిచిన 'బ్లాంకా' తెల్లని ఇంటిని ఇతర గృహాల నుండి వేరుచేస్తుంది. 'బ్లాంకా నియెవే' అన్నప్పుడు ముందు నిలిచిన అదే పదం మంచుకు సహజమైన తెల్లదనాన్నే స్మరింపజేస్తుంది. నల్లని మంచు వేరే ఉన్నదని కాదు.

తైత్తిరీయ భాష్యంలో శంకర భగవత్పాదులు చేసిన విచారణ ఇక్కడ స్ఫురిస్తుంది. 'నీల' పదం నల్లకలువను ఎర్రకలువ నుండి వేరుచేస్తుంది. బ్రహ్మమునకు సజాతీయమైన మరొక బ్రహ్మము లేదు. కావున సత్యము, జ్ఞానము, అనంతము అనే పదాలు అక్కడ ప్రధానంగా లక్షణాన్నే బోధిస్తాయని వారి నిర్ణయం.

మా జహీరాబాద్ సమీపంలోని ఝరాసంగంలో శివపూజకు అన్యత్ర నిషిద్ధమైన మొగలిపువ్వును స్వామికి సమర్పిస్తారు. అందుకే ఆయన కేతకీ సంగమేశ్వరుడు. కర్నూలు ప్రాంతపు సంగమేశ్వరుని నుండి వేరుగా గుర్తించడానికి ఆ 'కేతకీ' శబ్దం ఉపకరిస్తుంది. అది క్షేత్రభేదమే గాని ఈశ్వరభేదం కాదు. "ఏ క్షేత్రంలో మహిమ గల శివుడున్నాడు స్వామీ?" అని భక్తులు నన్ను తరచు అడుగుతారు. మహిమ లేని శివుడు వేరే ఉంటే గదా ఆ ప్రశ్నకు తావు! భగవంతునికి మనం వాడే ప్రతి విశేషణమూ మంచుకు తెలుపు వంటిదని గ్రహిస్తే, అర్చనలోని నామాలు పోలికలుగా గాక స్వరూపస్మరణగా నిలుస్తాయి.

సర్వం శివార్పణమస్తు.