నిన్నటికి ముప్పావుగంట

పసిఫిక్ దీవుల మధ్య ప్రయాణం అనగానే మనవాళ్లు ముందు ఆరా తీసేది ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు అనే. ఆ రెండు అంకెలూ ఇక్కడ అబద్ధమాడవు, అలాగని పెద్దగా పనికీ రావు. సమోవాలోని ఫాలియోలో విమానాశ్రయం నుంచి అమెరికన్ సమోవాలోని పాగో పాగోకు గాలిదారిన సుమారు 150 కి.మీ. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లినంత. చిన్న విమానంలో ముప్పావుగంట పడుతుందేమో. కానీ మధ్యలో అంతర్జాతీయ దినరేఖ ఉంది. సోమవారం ఉదయం పదింటికి ఇటు ఎక్కినవాళ్లు అటు దిగేసరికి ఆదివారం, పదీ ముప్పావు.

ఈ తేడా సముద్రం పెట్టింది కాదు, మనుషులు పెట్టుకున్నది. 1892లో అమెరికా వర్తకం కోసం సమోవా తన తారీఖును అటువైపు జరుపుకుంది. ఆ ఏడాది జులై 4 రెండుసార్లు వచ్చింది. తర్వాత బేరాలన్నీ ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో పెరగడంతో 2011లో డిసెంబరు 30ని ఎత్తేసి ఇటువైపు వచ్చేసింది. అమెరికన్ సమోవా మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. తారీఖు కాగితాల మీదిదే కదా, కూర్చునేది ముప్పావుగంటే కదా అనొచ్చు. కూర్చోవడం వరకు నిజమే. పని దగ్గరే చిక్కు. సమోవా రాజధాని అపియాలో సోమవారం ఆఫీసులు తెరిచేవేళకు పాగో పాగోలో జనం చర్చిలో ఉంటారు. అక్కడి శుక్రవారం ఇక్కడ శనివారం. రెండుచోట్లా కలిసివచ్చే పనిదినాలు వారానికి నాలుగే. పైగా అమెరికా వీసా వేరు, అమెరికన్ సమోవా ప్రవేశ అనుమతి వేరు.

పెద్ద విమానాలు వేస్తే సరిపోదా అంటారు. పాగో పాగో రన్‌వేకు లోటేమీ లేదు, దాదాపు 3 కి.మీ. పొడవుంది. 4,200 కి.మీ. దూరంలోని హొనొలులుకు అక్కడినుంచి పెద్ద జెట్లే వెళ్తాయి. పక్క దీవికి మాత్రం ఇరవై సీట్లు కూడా లేని బుల్లి విమానం. అమెరికన్ సమోవా జనాభా యాభై వేలు, సమోవాది రెండు లక్షల పైచిలుకు. రోజూ జెట్ నింపేంతమంది ఎక్కడినుంచి వస్తారు? అంత చిన్న విమానంలో ప్రతి కిలో లెక్కలోకి వస్తుంది. 2013లో సమోవా ఎయిర్ ప్రయాణికుణ్ణి, సామాన్లను కలిపి తూచి కిలోకింత అని టికెట్ ధర కట్టింది. లోకం నవ్వింది. నాకైతే అది నిక్కచ్చి లెక్కగానే కనిపిస్తుంది.

ఇదంతా దినరేఖ తెచ్చిన వింత అని కొట్టిపారేయడానికీ లేదు. కిరిబాతిలో తరావా, కిరీతిమాతి ఒకే దేశంలోని దీవులు, మధ్య దూరం సుమారు 3,300 కి.మీ. చాలా ఏళ్లపాటు ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే పరాయి దేశమైన ఫిజీలోని నాడి మీదుగా, 5,600 కి.మీ.కు పైగా చుట్టు తిరగాల్సి వచ్చేది. తమ దేశాన్ని రెండు తారీఖుల కింద చీల్చిన దినరేఖను కిరిబాతి 1995లో ఒక్క నిర్ణయంతో పక్కకు జరుపుకుంది. నేరుగా విమానం తెచ్చుకోవడం మాత్రం అలా ఉత్తర్వుతో తేలే పని కాలేదు.