బురద ఆరేదాకా

మార్చి, ఏప్రిల్ నెలల్లో కొలరాడో కొండల అంచున నేల రోజుకు రెండు రకాలుగా ఉంటుంది. రాత్రి చలికి గడ్డకట్టి తెల్లవారేసరికి గట్టిగా, మోగేంత బిగుసుకుని ఉంటుంది. పొద్దెక్కి ఎండ తగిలిందా, మంచు కరిగి అదే మట్టి బంకగా మారి టైరుకు పట్టి చక్రాన్ని తిరగనివ్వదు. డెన్వర్ ప్రాంతంలో ఏడాది మొత్తమ్మీద ఎక్కువ మంచు కురిసేది జనవరిలో అనుకుంటాం, కాదు, మార్చిలో. చలికాలమంతా ఇంట్లో మగ్గిన సైకిలువాళ్లు, పోటీలు దగ్గరపడుతున్నాయని కొండెక్కడానికి తహతహలాడే సమయం కూడా సరిగ్గా అదే.

డెన్వర్‌కు పడమట, రాకీ పర్వతాల పాదాల దగ్గర గోల్డెన్ అని ఒక చిన్న ఊరు. మా చెల్లెలి కొడుకు కాపురం అక్కడే. మదనపల్లెలో పుట్టాడు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నలభై దాటాయి, ఇద్దరు పిల్లలు. ఆగస్టులో లెడ్‌విల్ అనే గనుల ఊళ్లో జరిగే వంద మైళ్ల మౌంటెన్ బైక్ పోటీకి ఈసారి లాటరీలో చోటు దొరికింది. కొన్నాళ్లు వాడి దగ్గర ఉందామని వెళ్లిన నాకు, పోటీ కన్నా ముందు దాని వెనక నడిచే సంసారం కనిపించింది.

"గెలుస్తావట్రా?" అన్నాను మొదటి రోజే.

"పన్నెండు గంటల్లోపు వెనక్కి వస్తే చాలు మామా" అన్నాడు.

లెడ్‌విల్ సముద్ర మట్టానికి 10,152 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం సముద్ర తీరంలో ఉండేదాంట్లో సుమారు 70 శాతమే. ఊరికి అన్నం పెట్టిన క్లైమాక్స్ మాలిబ్డినం గని 1982లో మూతపడింది. పని పోయిన గని మనుషుల్లో ఒకరైన కెన్ క్లోబర్, బయటి జనం వచ్చి ఒక్క రాత్రయినా ఊళ్లో బస చేస్తే నాలుగు డబ్బులు వస్తాయని 1983లో వంద మైళ్ల పరుగు పందెం పెట్టించాడు. సైకిలు పందెం 1994లో మొదలైంది. దారి వంద మైళ్లకు నాలుగైదు ఎక్కువే, సుమారు 167 కిలోమీటర్లు. వెళ్లిన దారినే వెనక్కి రావాలి. మలుపు తిరిగేది కొలంబైన్ గని దగ్గర, 12,400 అడుగులకు పైన. మా ఊరి పక్కనున్న హార్స్‌లీ హిల్స్‌ను మూడింటిని ఒకదానిమీద ఒకటి నిలబెడితే అంత ఎత్తు. పన్నెండు గంటల్లోపు ముగించినవాళ్లకు బెల్టుకు పెట్టుకునే పెద్ద వెండిరంగు బకిల్ ఇస్తారు, తొమ్మిది గంటల్లోపు వస్తే అంతకన్నా పెద్దది. కీగన్ స్వెన్సన్ లాంటివాళ్లు ఆరు గంటల్లోపే ముగిస్తారు. మావాడు ఆ లెక్కలోకి రాడని వాడికీ తెలుసు, వాడి సైకిలుకూ తెలుసు.

వాళ్లింట్లో కారు వానలోనూ మంచులోనూ బయటే ఉంటుంది. గ్యారేజీ సైకిళ్లది. ఒకటి పోటీ సైకిలు, వేరేవాళ్లు రెండేళ్లు వాడి అమ్మితే కొన్నది. సెకండ్‌హ్యాండయినా దాని ధరకు మా ఊళ్లో మంచి మోటారు సైకిలు వస్తుందన్నది నేను మనసులో వేసుకున్న లెక్క, పైకి అనలేదు. రెండోది పాతది, బురదకూ వానకూ. గోడకు వరసగా పానాలు, చైను కొలిచే గేజీ, బోల్టు ఎంత బిగించాలో చెప్పే టార్క్ రెంచి. కార్బన్ హ్యాండిల్ మీద బోల్టు ఒక్క చుట్టు ఎక్కువ తిరిగితే పగులు వస్తుందట. అందుకని చేతి అంచనా మీద ఏదీ బిగించడు.

చిన్నప్పుడు మేం చూసిన సైకిలు షాపులో నీళ్ల తొట్టి ఉండేది. ట్యూబు అందులో ముంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూసి ప్యాచీ వేసేవాళ్లు. ఇక్కడ ట్యూబే లేదు. టైరులో లేటెక్స్ కలిసిన పాల వంటి ద్రవం పోస్తారు. ముల్లు దిగితే అది ఆ రంధ్రంలోకి వచ్చి గడ్డకట్టి తనంతట తానే మూసేస్తుంది. చిక్కు ఏమిటంటే, కొలరాడో పొడిగాలికి ఆ ద్రవం తొందరగా ఎండిపోతుంది. చలికాలం తర్వాత టైరు విప్పితే లోపల రబ్బరు తొక్కలు తప్ప తడి లేదు. వాటిని గీకి తీసి కొత్తది పోయడానికి ఒక సాయంత్రం పట్టింది. గాలి నింపేటప్పుడు నేను బాగా గట్టిగా కొడతాడనుకున్నాను. ముందు టైరులో 21, వెనక 23 పీఎస్‌ఐ దగ్గర ఆపేశాడు. బొటనవేలితో నొక్కితే దిగుతోంది. గాలి తక్కువైతే టైరు రాయి చుట్టూ ఒదిగి పట్టు ఇస్తుంది, మరీ తక్కువైతే రాయి నేరుగా రిమ్ముకు తగులుతుంది. ఆ రెంటి మధ్య తేడా ఒకటి రెండు పీఎస్‌ఐలే. ప్రతి సవారీ ముందూ గేజీ పెట్టి చూస్తాడు.

చైనుకు నూనె వేయడు. పాత స్లో కుక్కర్‌లో పారాఫిన్ మైనం కరిగించి, కిరోసిన్ లాంటి ద్రావకంలో కడిగి ఆరబెట్టిన చైనును అందులో ముంచి తీస్తాడు. చల్లారాక కర్రలా బిగుసుకుపోయిన కణుపులను ఒక్కొక్కటే చేత్తో వంచి వదులు చేయాలి. ఆ పని నాకూ అప్పగించాడు. మైనం పొడిగా ఉంటుంది కాబట్టి దుమ్ము అంటదు, దుమ్ము అంటకపోతే చైను అరగదు. సాగుడు అర శాతానికి చేరిందని గేజీ చూపించిన రోజునే కొత్త చైను వేస్తాడు. లేకపోతే వెనక పళ్ల చక్రాలూ అరిగిపోతాయి, వాటి ధర చైనుకు ఎన్నో రెట్లు. ముందు ఫోర్కులో యాభై గంటలకోసారి నూనె మార్చాలని తయారీదారు రాసిందానికి, ఎన్ని గంటలు తొక్కాడో గోడమీద పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాడు. పాలవాడి లెక్కల కాలం మళ్లీ వచ్చిందనిపించింది.

ఈ పిచ్చి ఎక్కడ పుట్టిందన్న దానిమీద అమెరికాలో ఇంకా తగాదా నడుస్తూనే ఉంది. కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫాక్స్ దగ్గర 1976 అక్టోబరులో పాత బరువు సైకిళ్లతో కొండ దిగే పందెం పెట్టారు. కిందికి చేరేసరికి వెనక హబ్బులో గ్రీజు పొగలై పోయేది, ప్రతి పరుగుకూ మళ్లీ కూర్చాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు. కొలరాడోవాళ్లు మాత్రం అదే ఏడాది మా క్రెస్టెడ్ బ్యూట్ కుర్రాళ్లు పెర్ల్ కనుమ దాటి ఆస్పెన్‌కు తొక్కలేదా అంటారు. 1990లో తొలి అధికారిక ప్రపంచ చాంపియన్‌షిప్ కొలరాడోలోని డురాంగోలో జరిగింది కాబట్టి వాళ్ల గొంతు కాస్త పెద్దది.

పొద్దున్న అయిదింటికి కింద బేస్‌మెంట్లో ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. సైకిలు వెనక చక్రం తీసేసి ట్రైనర్ యంత్రానికి బిగించి తొక్కుతుంటాడు. నేను చూద్దామని వెళితే చెమట కారుతోంది గానీ ఆయాసం లేదు, నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. మాట్లాడగలిగేంత నెమ్మదిగానే తొక్కాలట. వారానికి ఎనిమిది గంటలు దొరికితే అందులో ఆరు పైగా ఇలాంటి నెమ్మది సవారీలే. రెండు రోజులు మాత్రం నాలుగు నిమిషాలు ప్రాణం పోయేటట్టు తొక్కి, కాసేపు ఆగి, మళ్లీ నాలుగు నిమిషాలు, అలా నాలుగుసార్లు.

"గట్టిగా తొక్కడం ఎవడైనా తొక్కుతాడు మామా, ఆపుకోవడమే రాదు. మొదటి ఏడాది రోజూ గట్టిగా తొక్కి, జూన్ వచ్చేసరికి మంచం దిగలేకపోయాను."

కొన్నిసార్లు ఎనిమిదింటికి ఆఫీసు మీటింగు కూడా ట్రైనర్ మీదే. మైకు ఆపి, కెమెరా ఆపి తొక్కుతాడు. తన వంతు వచ్చినప్పుడు మాత్రం పెడల్ ఆపి, ఫ్యాను కట్టేసి, గొంతు సవరించుకుని రెండు ముక్కలు చెబుతాడు. ఉద్యోగ ధర్మం దృష్ట్యా ఇది తప్పో ఒప్పో నేను తేల్చలేను.

ఇంటి లెక్కలు నడిపేది కోడలు. ఫ్రిజ్ మీద కాగితంలో రెండు వరసలున్నాయి. "ఈయన కొండమీద ఎన్ని గంటలుంటే అన్ని గంటలు నాకు బాకీ మామయ్యా. ఆ గంటలు పిల్లలు, వంట, గిన్నెలు అన్నీ ఆయనవే. నేనెక్కడికి వెళ్తానో అడగకూడదు. మిగిలితే పై వారానికి జమ" అంది. నేను చూసేనాటికి మావాడు తొమ్మిది గంటలు బాకీ.

తిండి విషయంలో మాత్రం ఇద్దరికీ పడదు. సవారీలో గంటకు అరవై నుంచి తొంభై గ్రాముల పిండి పదార్థం లోపలికి పోవాలి, కడుపు దానికి నెలల ముందు నుంచే అలవాటు పడాలి. పక్కనున్న బోల్డర్‌లో అలెన్ లిమ్ అనే శాస్త్రవేత్త వృత్తి సైకిలిస్టులకు అన్నం ముద్దలు అచ్చుకట్టి, రేకులో చుట్టి జేబులో పెట్టించేవాడు. బిజు థామస్ అనే వంటగాడితో కలిసి 2011లో ఆ వంటల పుస్తకం కూడా వేశాడు. అది చదివిన మావాడు పులిహోరను పట్టుకున్నాడు. పీచు, కొవ్వు ఎక్కువైతే దారిలో కడుపు బిగుస్తుందని పల్లీలు తీసేశాడు, శనగపప్పు తీసేశాడు, నూనె తగ్గించాడు, ఉప్పు పెంచి చారెడు చక్కెర చల్లాడు. నాకూ ఒక ముద్ద రుచి చూపించాడు. కోడలు నా మొహమే చూస్తోంది. తినదగినదే, అంతకన్నా ఎక్కువ చెప్పను.

శనివారం తెల్లవారుజామున నార్త్ టేబుల్ మౌంటెన్‌కు బయల్దేరాం. పైభాగం బల్లపరుపుగా, అంచున నల్లని లావా రాయి నిట్టనిలువుగా ఉన్న కొండ. ఆ రాతి అంచుల్లో డేగలు గూళ్లు పెట్టే కాలమని కొన్ని చోట్లకు జూలై చివరిదాకా ఎవరినీ పోనివ్వరు. ఎండ ముదిరితే తాచుజాతి కాదు గానీ గిలక పాములు బాట మీదికి వస్తాయని హెచ్చరిక బోర్డు. వాడు హెల్మెట్ లైటు వేసుకుని ఎక్కాడు, నేను వెనక నడిచాను.

ఎక్కే తీరు చూడాల్సిందే. సీటు ముక్కు మీదికి జరిగి, ఛాతీ వంచి, వెనక చక్రం జారకుండా ముందు చక్రం లేవకుండా బరువును వేలెడంత అటూ ఇటూ జరుపుతూ రాళ్ల మెట్లు ఎక్కాడు. చూపు టైరు మీద కాదు, పది అడుగుల ముందు. ఒక మెట్టు దగ్గర కాలు కింద పెట్టాల్సి వచ్చింది. వెనక్కి దిగి మళ్లీ ఎక్కాడు, మళ్లీ దిగాడు. ఎదురుగా కుక్కతో నడిచి వచ్చే ముసలాయనకు పక్కకు తప్పుకుని దారిచ్చాడు. నడిచేవాళ్లకూ గుర్రాలకూ సైకిలు దారివ్వాలి, దిగే సైకిలు ఎక్కే సైకిలుకు ఇవ్వాలి, ఇక్కడి కట్టుబాటు అది. దగ్గర్లోని సెంటెన్నియల్ కోన్ అనే పార్కులో అయితే శని ఆదివారాల్లో సరి తేదీలు సైకిళ్లకు, బేసి తేదీలు నడకకు పంచేశారు.

ఎనిమిదిన్నర ప్రాంతంలో, తూర్పు వాలు మీద మలుపు తిరిగాక మొదటి మెత్తని చోటు వచ్చింది. టైరు అంగుళం దిగింది. వాడు ఆగి వేలితో మట్టి నొక్కి చూశాడు. ముందున్న బాట అంతా ఎండలో మెరుస్తోంది. ఆ రోజు ప్రణాళికలో ఇంకా గంటన్నర సవారీ ఉంది.

"పోదాం పద" అన్నాడు వెనక్కి తిరిగి.

"పక్క గడ్డి మీదుగా పోవచ్చుగా?" అన్నాను.

అలా ఒకడు పోతే పదిమందీ పోతారు, అడుగు వెడల్పు బాట ఎడ్లబండి దారి అవుతుందని చెప్పాడు. బురదలోనే తొక్కుకుంటూ పోతే పడిన గాడి ఎండకు గట్టిపడి వేసవంతా అలాగే ఉంటుంది. తప్పనిసరై బురద దాటాల్సి వస్తే నట్టనడుమ నుంచే దాటాలి, అంచు తొక్కకూడదు. పార్కువాళ్లు చెప్పేదీ అదే. దిగేటప్పుడు ఇంకో ఇద్దరు ఎక్కుతూ ఎదురయ్యారు. "పైన కరిగింది" అని వాడు చెప్పగానే ఒకమ్మాయి మారు మాట లేకుండా సైకిలు తిప్పింది. రెండో అతను విననట్టు పైకి పోయాడు. మావాడు ఏమీ అనలేదు గానీ కిందికి వచ్చేదాకా మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. కొలరాడో మౌంటెన్ బైక్ అసోసియేషన్ లాంటి సంఘాలు సాయంత్రాల్లో పారలు పట్టుకుని బాటలు బాగుచేస్తుంటాయి. వాడూ వెళ్తాడు. వీపు పడిపోయేటట్టు రాళ్లు మోసిన బాట మీద ఇంకొకడు గాడి పెడితే కడుపు మండదూ?

పోగొట్టుకున్న గంటన్నరను మధ్యాహ్నం లుక్అవుట్ మౌంటెన్ తారు రోడ్డు మీద తొక్కి తీర్చుకుంటానన్నాడు. బాకీ కాగితంలో గంటలు పెరిగాయి.

సాయంత్రం ఇంటి ముందు సందులో సీసాలు అందించే సాధన. పోటీలో ట్విన్ లేక్స్ అనే చోటుకు సైకిలు రెండుసార్లు వస్తుంది, కొలంబైన్ ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి. అక్కడ ఇంటివాళ్లు నిలబడి నీళ్లూ తిండీ అందించాలి, వాడు ఆగడు. సీసాను పైన మూత దగ్గర మాత్రమే వేళ్లతో పట్టుకోవాలి, చెయ్యి పక్కకు చాపాలి, సైకిలు దగ్గరికి రాగానే దానితోపాటు నాలుగడుగులు పరుగెత్తాలి. తొమ్మిదేళ్ల పిల్ల తడుముకోకుండా అందిస్తోంది. ఆరేళ్లవాడు సీసా వదలకుండా తండ్రిని ఈడ్చాడు. కోడలు గడియారం చూస్తూ ఎవరు ఎక్కడ నిలబడాలో కాగితం మీద గుర్తులు పెడుతోంది. మొదటిసారికి పులిహోర, రెండు సీసాలు, రెండోసారికి ఒక సీసా, ఉప్పు బిళ్లలు, చలికోటు.

"రెండోసారికి ఇంకో మనిషి కావాలి మామయ్యా. ఆగస్టు దాకా ఉండిపోకూడదూ?" అంది.

నా తిరుగు టికెట్ మే నెలకి. మార్చాలంటే ఎంతవుతుందో ఆ రాత్రే మావాడు వెతకడం మొదలుపెట్టాడు. సైకిలు టైరు ఒకటి మానుకుంటే సరిపోతుందన్నాడు. ఏ టైరు అని కోడలు అడిగితే జవాబు చెప్పలేదు.